సీటీలో ‘నార్మల్’ అన్నారు, తమ్ముడు మాత్రం లేవలేదు

ప్రశ్న: మాది ఆలమూరు మండలంలో ఒక పల్లెటూరు. మా తమ్ముడికి 26 ఏళ్ళు. దాళ్వా కోతలప్పుడు రాత్రి తొమ్మిదింటికి బండి మీద ఇంటికి వస్తూ, కాలువ గట్టు రోడ్డు మీద ఆరబోసి బరకం కప్పిన ధాన్యం రాశి ఎక్కి పడిపోయాడు. హెల్మెట్ లేదు. 108 వచ్చేదాకా ఆగలేక వాడి స్నేహితుడు ఆటోలో వేసుకుని రాజమండ్రి తీసుకెళ్ళాడు. అక్కడ సీటీ తీసి ‘నార్మల్, ఆపరేషన్ అక్కర్లేదు’ అన్నారు. కానీ వాడు కళ్ళు తెరవలేదు. వేరే ఆసుపత్రికి మార్చాక ఆరో రోజు ఎంఆర్ఐ తీసి ‘బ్రెయిన్‌స్టెమ్ దెబ్బతింది, గ్రేడ్ 3’ అన్నారు. మొదటివాళ్ళు మోసం చేశారు, కేసు వేద్దామంటాడు బాబాయి. గ్రేడ్ 3 అయితే లేవరని మావయ్యకి ఎవరో చెప్పారట, హైదరాబాద్ తీసుకుపోదామంటాడు. ఇంట్లో ఒకరు ఫిలిం ఎండకి పెట్టి చూసి ‘మెదడంతా కన్నాలు’ అన్నారు. ఆటోలో తేవడం వల్లే ఇలా అయిందేమోనని ఆ స్నేహితుడు మా ఇంటికి రావడమే మానేశాడు. ఇవాళ్టికి 16 రోజులు. గొంతు దగ్గర ట్యూబ్ వేశారు, వెంటిలేటర్ రెండు రోజుల కింద తీసేశారు. కళ్ళు తెరుస్తున్నాడు కానీ మమ్మల్ని చూడడు. గిల్లితే చెయ్యి లాక్కుంటాడు. ఇంకో ఎంఆర్ఐ తీయించాలా? బ్రెయిన్ డెడ్ అంటే ఇదేనా? రిపోర్టులూ ఫిలిం ఫొటోలూ పంపుతున్నాను.
– ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఉత్తరంలో అన్నిటికన్నా భయపడుతూ రాసిన వాక్యం అదేనని తెలుస్తూనే ఉంది. కాదు, ఇది బ్రెయిన్ డెడ్ కాదు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి సొంతంగా ఒక్క ఊపిరి కూడా తీయలేడు. మీ తమ్ముడు రెండు రోజులుగా వెంటిలేటర్ లేకుండా తనంతట తనే గాలి పీలుస్తున్నాడు. పైగా ఎంఆర్ఐ చూసి బ్రెయిన్ డెడ్ అని చెప్పే పద్ధతి మన దేశంలో లేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు మంచం పక్కన నిలబడి పరీక్షలు చేయాలి, కనీసం ఆరు గంటలు ఆగి అవే పరీక్షలు మళ్ళీ చేయాలి. మీ ఇంట్లో ఆ మాట ఎవరు తెచ్చారో గానీ, అమ్మగారి చెవిన పడకుండా చూడండి. పడి ఉంటే, కాదని ఈ పూటే చెప్పండి.

ఇక సీటీ సంగతి. మీరు పంపిన మొదటి రిపోర్టు చదివాను. అందులో తప్పు రాసినట్టు నాకు కనిపించలేదు. ‘రక్తం గడ్డ లేదు, పుర్రె విరగలేదు, మెదడు ఒక పక్కకి జరగలేదు’ అని ఉంది. తల దెబ్బతో వచ్చినవాడికి సీటీ జవాబు చెప్పాల్సిన అర్జెంటు ప్రశ్న ఒక్కటే: ఇప్పుడే పుర్రె తెరిచి గడ్డ తీయాలా, అక్కర్లేదా? దానికి సీటీని మించింది లేదు. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, మనిషి కదిలినా ఏదో ఒక బొమ్మ వస్తుంది, తాజా రక్తం తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. మీ తమ్ముడికి గడ్డ లేదు, కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఎంఆర్ఐ వచ్చాక కూడా ఆ మాట మారలేదు చూడండి. రెండో ఆసుపత్రివాళ్ళూ ఆపరేషన్ చేయలేదు కదా.

మరి అదే తలలో, అదే దెబ్బ, సీటీకి ఎందుకు కనపడలేదు? రెండు కారణాలు.

మొదటిది, దెబ్బ తగిలిన చోటు. బ్రెయిన్‌స్టెమ్ అంటే పెద్ద మెదడుకీ వెన్నుపాముకీ మధ్య ఉండే కాడ. పాఠ్యపుస్తకాల్లో మెదడు కాండం అంటారు. బొటనవేలంత లావు. పైనుంచి కిందికి మిడ్‌బ్రెయిన్, పాన్స్, మెడుల్లా అని మూడు భాగాలు. మెలకువ, ఊపిరి, గుటక, కంటి కదలిక అన్నీ దీని చేతిలోనే ఉంటాయి. చేతులకీ కాళ్ళకీ వెళ్ళే నరాల తీగలన్నీ ఇందులోంచే దిగుతాయి. ధవళేశ్వరం దగ్గర తూముల్లోంచే డెల్టా మొత్తానికి నీళ్ళు వెళ్ళినట్టు అనుకోండి. చివరి చేలో గండి పడితే ఒక ఎకరం మునుగుతుంది, తూము దగ్గర చిన్న రాయి అడ్డం పడినా ఎక్కడో కింద కాలువ ఎండుతుంది. ఈ కాడకి రెండు పక్కలా చెవి వెనక ఎముకలు ఉంటాయి. ఒంట్లో అంత గట్టి ఎముక ఇంకోటి లేదనాలి. ఎక్స్‌రే కిరణాలు ఆ రెండిట్లోంచి దూరేసరికి వాటిలో బలహీనమైనవి అక్కడే ఆగిపోతాయి. మిగిలినవాటితో కంప్యూటర్ లెక్క కడితే బొమ్మలో ఆ ఎముకల మధ్య నల్లటి అడ్డ పట్టీ ఒకటి వస్తుంది. సరిగ్గా పాన్స్ మీదుగా. కొత్తగా చేరిన డాక్టర్లు దాన్నే దెబ్బ అనుకుంటారు, కాస్త పాతబడ్డాక దాని చాటున ఉన్న దెబ్బని కూడా పట్టీయే అనుకుంటారు. రాత్రిపూట గట్టు మీద రెండు హెడ్‌లైట్లు ఎదురొస్తుంటే వాటి మధ్య నడిచే మనిషి కనపడతాడా? ఇదీ అంతే. కొత్త మిషన్లలో ఆ పట్టీ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

రెండోది, దెబ్బ రకం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బండి మీద వేగంగా వెళ్తున్న మనిషి తల ఒక్కసారిగా ఆగి, తిరిగితే, పెద్ద మెదడు లోపల ఊగుతుంది. ఆ ఊపంతా పడేది కాడ మీద. మెదడు లోపల గుడారంలా పరుచుకున్న గట్టి పొర ఒకటి ఉంది. దాని అంచు మిడ్‌బ్రెయిన్ వెనక పక్కల్ని ఆనుకుని ఉంటుంది, ఊపుకి అక్కడ కొట్టుకుంటుంది. దాంతో మెదడులోని తీగలు, ఆక్సాన్లు అంటాం, సాగి దెబ్బతింటాయి. దీన్నే డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ అంటారు. 1956లో ఇంగ్లండ్‌లో సబీనా స్ట్రిచ్ అనే పాథాలజిస్టు, తల దెబ్బ తర్వాత చాలాకాలం స్పృహ లేకుండా ఉండి చనిపోయినవారి మెదళ్ళని కోసి చూసి, పైకి పెద్ద గాయం లేకపోయినా లోపలి తెల్ల పదార్థం, అంటే ఈ తీగలుండే భాగం, పాడైపోయి ఉందని మొదటిసారి వివరంగా రాసింది. 1996 తుపాను తర్వాత మా కొబ్బరి తోటలో కూడా అలాంటి చెట్లున్నాయి. వరసలో నిలబడే ఉన్నాయి, మాను మీద గీత లేదు, మొవ్వు మాత్రం మెలిపడింది. దూరం నుంచి చూసి ఇవి బతికాయి అనుకున్నాం.

సాగిన తీగ పక్కన రక్తనాళం చిట్లకపోతే రక్తం ఉండదు. రక్తం లేకపోతే సీటీకి చూపించడానికి ఏమీ ఉండదు. చిట్లినా, ఆవగింజలో సగం ఉండే చుక్కలు సీటీకి ఆనవు. అందుకే ఈ రకం దెబ్బల్లో సీటీ బాగుండి మనిషి లేవకపోవడం కొత్త కాదు. మాకైతే అది ఒక గుర్తు కూడా: సీటీలో ఏమీ లేదు, మనిషి మాత్రం స్పృహలో లేడు అంటే ముందు అనుమానించేది దీన్నే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ కుర్రాడి సీటీ చూసి ‘నార్మల్ స్టడీ’ అని రాశాను. బయట నిలబడ్డ వాళ్ళ నాన్నకి నోటితో కూడా ‘ఏం లేదండీ, కంగారు పడకండి’ అన్నాను. ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్ళి ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసుకున్నాడు. కుర్రాడు లేవలేదు. వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చి, తిట్టలేదు, అదే రిపోర్టు బల్ల మీద పెట్టి ఆ మాట మీద వేలు ఉంచి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి తల దెబ్బ సీటీ మీద ‘నార్మల్’ అని రాయడం మానేశాను. ‘రక్తస్రావం కనపడలేదు, మనిషి లేవకపోతే ఎంఆర్ఐ చేయాలి’ అని రాస్తాను. మీ విషయంలో కూడా నేరం చేసింది ఆ ఒక్క మాటే అనిపిస్తోంది. బాబాయిగారికి ఇది చదివి వినిపించండి. ఆసుపత్రి మీద కేసుకి లాయరు ఫీజు పెట్టే బదులు ఆ డబ్బు ఫిజియోథెరపీకి దాచమనండి. మొదటి ఆసుపత్రివాళ్ళు మనిషి లేవకపోయినా మీకు ఏ వివరమూ ఇవ్వకుండా ఊరుకుని ఉంటే, ఆ కోపం న్యాయమైనదే. అది మాట్లాడకపోవడం మీద కోపం, సీటీ మీద కాదు.

ఆరో రోజు దాకా ఎంఆర్ఐ ఎందుకు తీయలేదని మీరు అడగలేదు గానీ చెబుతాను. అరగంటకి పైగా ఆ సొరంగంలో కదలకుండా పడుకోవాలి. వెంటిలేటర్ మీద ఉన్నవాడికి మామూలు వెంటిలేటర్ ఆ గదిలోకి రాదు, మందు ఎక్కించే పంపులు రావు. బీపీ నిలబడని మొదటి రోజుల్లో ఆ ప్రయాణమే ప్రమాదం. ఆరో రోజు తీయడం ఆలస్యం కిందికి రాదు.

ఇప్పుడు ఎంఆర్ఐ రిపోర్టు. ‘మిడ్‌బ్రెయిన్ వెనక భాగంలో ఎడమ పక్కన మచ్చ, కార్పస్ కల్లోజమ్‌లో చిన్న మచ్చలు, ముందు భాగంలో చుక్కలు, గ్రేడ్ 3 డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ’ అని ఉంది. కార్పస్ కల్లోజమ్ అంటే పెద్ద మెదడు రెండు సగాల్నీ, అర్ధగోళాలంటాం, కలిపే తీగల కట్ట. మీరు ఫోన్‌లో తీసి పంపిన ఫిలిం ఫొటోలు మాత్రం నాకు పనికి రాలేదు. ఒక ఫిలిం మీద ఇరవై బొమ్మలు, ఒక్కోటి తపాలా బిళ్ళంత, పైన ట్యూబ్‌లైట్ మెరుపు. మిడ్‌బ్రెయిన్ ఉండాల్సిన చోట మీ వేలి నీడ ఉంది.

ఒకే ఎంఆర్ఐలో నాలుగైదు రకాల బొమ్మలు తీస్తారు. ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది. డిఫ్యూజన్ అనేది తాజా వాపుని చూపిస్తుంది, కొత్తలోనే మెరుస్తుంది, కొద్ది వారాల్లో మసకబారుతుంది. ఫ్లెయిర్ అనేది దెబ్బతిన్న చోటుని తెల్ల మచ్చగా చూపిస్తుంది, అదీ నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. ఎస్‌డబ్ల్యూఐ అనేది రక్తంలోని ఇనుముని పట్టుకుంటుంది. సీటీకి ఆనని చిన్న చుక్క కూడా అందులో నల్లగా పొడుచుకు వస్తుంది. అయితే ఆ చుక్క ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది, తడి కాగితం మీద సిరా చుక్క పాకినట్టు. ఇనుము చుట్టుపక్కల అయస్కాంతాన్ని చెదరగొట్టడం వల్ల అలా జరుగుతుంది. మీ ఇంట్లో ఎవరో ఫిలిం ఎండకి పెట్టి చూసి ‘మెదడంతా కన్నాలు’ అన్నారని రాశారు. అవి కన్నాలు కావు. ఆ నల్ల చుక్కలు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి, మనిషి లేచి తిరుగుతున్నా ఉంటాయి. అలాగే మూడు నెలల తర్వాత ఫ్లెయిర్‌లో మచ్చ తగ్గిందంటే తీగలన్నీ అతుక్కున్నాయనీ కాదు.

గ్రేడ్ 3 అన్న మాట విని మీరందరూ క్యాన్సర్‌లో స్టేజిలాగా అనుకున్నారు. మూడు అంటే చివరిది అనుకున్నారు. ఈ గ్రేడ్లు వచ్చింది పోస్ట్‌మార్టం బల్ల మీద నుంచి. 1989లో గ్లాస్గోలో ఆడమ్స్ అనే పాథాలజిస్టూ ఆయన తోటివాళ్ళూ మైక్రోస్కోపు కింద మెదడు ముక్కలు చూసి చేసిన విభజన. అర్ధగోళాల తెల్ల పదార్థంలో మాత్రమే దెబ్బ ఉంటే ఒకటి, కార్పస్ కల్లోజమ్‌లో కూడా ఉంటే రెండు, బ్రెయిన్‌స్టెమ్‌లో కూడా ఉంటే మూడు. అంతే. ఎక్కడ ఉందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. బ్రెయిన్‌స్టెమ్‌లో మినపగింజంత మచ్చ ఉన్నా మూడే, సగం కాడ పోయినా మూడే. ఈ రెండింటినీ ఒకే అంకెతో పిలవడం నాకు ఎప్పుడూ నచ్చదు. దెబ్బ లోతుగా ఉన్నకొద్దీ లేవడం ఆలస్యం అన్న మాట నిజమే. గ్రేడ్ 1కీ 3కీ తేడా లేదని మిమ్మల్ని ఓదార్చను.

అందుకే ఎంఆర్ఐ మీద నడిచే ఇంకో లెక్క కూడా చూడాలి. 2001లో జర్మనీలో ఫిర్షింగ్ అనే న్యూరోసర్జన్ బృందం, కోమాలో ఉన్నవారి ఎంఆర్ఐలు చూసి నాలుగు మెట్లు పెట్టింది. బ్రెయిన్‌స్టెమ్‌లో ఏమీ లేకపోతే ఒకటి. ఒక పక్కనే ఉంటే రెండు. మిడ్‌బ్రెయిన్‌లో రెండు పక్కలా ఉంటే మూడు. పాన్స్‌లో రెండు పక్కలా ఉంటే నాలుగు, అది అన్నిటికన్నా గడ్డుది. ఈ లెక్కలో ముఖ్యమైన సంగతి పక్కలు. ఒక పక్క తీగలు దెబ్బతిన్నా రెండో పక్క మిగిలి ఉంటే మెలకువ తిరిగి రావడానికి దారి ఉంటుంది. మీ రిపోర్టులో ఎడమ పక్క అనే ఉంది, పాన్స్ గురించి ‘మార్పు లేదు’ అని ఉంది. అంటే ఒక లెక్కలో మూడు అయిన మీ తమ్ముడు ఇంకో లెక్కలో రెండు. మావయ్యగారికి ఎవరో ‘గ్రేడ్ 3 అయితే లేవరు’ అన్నారట, ఏ లెక్కలో మూడో వారిని అడగమనండి.

ఇక ఆటోలో తెచ్చిన ఆ స్నేహితుడు. అతని బాధ గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు, నేను మాత్రం దాని దగ్గరే చాలాసేపు ఆగాను.

బ్రెయిన్‌స్టెమ్ దెబ్బలు రెండు రకాలు. పడిన క్షణంలోనే తగిలేది ఒకటి. రెండోది తర్వాత వచ్చేది: పైన పెద్ద గడ్డ కట్టి, మెదడు కిందికి తోసుకొచ్చి, కాడని నొక్కి, అందులోకి వెళ్ళే సన్న రక్తనాళాలు సాగి చిట్లడం. 1878లో ఫ్రెంచ్ డాక్టర్ హెన్రీ డ్యూరే దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ డ్యూరే హెమరేజ్ అనే అంటాం. ఆ రక్తం సాధారణంగా కాడ మధ్యలో, నిలువునా ఉంటుంది, సీటీలో కూడా చాలాసార్లు కనపడుతుంది. అలాంటి కేసుల్లో ఆలస్యానికి అర్థం ఉంది. గంట ముందు గడ్డ తీసి ఉంటే అనుకోవచ్చు. మీ తమ్ముడికి గడ్డే లేదు. మెదడు కిందికి తోసుకురాలేదు. మచ్చ మధ్యలో లేదు, వెనక పక్కన ఉంది, ఆ గుడారపు అంచు తగిలే చోట. అంటే ఇది ధాన్యం రాశి దగ్గర, బరకం మీద పెట్టిన రాళ్ళ దగ్గర, ఆ ఒక్క క్షణంలో జరిగిపోయిన దెబ్బ. తీగలు తర్వాత కొన్ని గంటలపాటు ఇంకా వాచి తెగుతాయన్నది నిజమే గానీ, దాన్ని ఆపే మందు 108లోనూ లేదు, ఐసీయూలోనూ లేదు. దారిలో ఊపిరి ఆగి ఆక్సిజన్ అందకపోతే ఎంఆర్ఐలో వేరే గుర్తులు వస్తాయి, రిపోర్టులో వాటి ఊసే లేదు. మెడ విరిగే భయం ఉంటుంది కాబట్టి మామూలుగా మనిషిని ఆటోలో మడిచి కూర్చోబెట్టకూడదు, పలక మీద పడుకోబెట్టి మెడ కదలకుండా తేవాలి. ఇది చదివే మిగతావాళ్ళకి చెబుతున్నాను. మీ తమ్ముడి మెడ బాగానే ఉంది. ఆ కుర్రాడి ఇంటికి మీరే వెళ్ళి ఈ మాట చెప్పండి. ఫోన్‌లో కాదు.

ఇంకో ఎంఆర్ఐ సంగతి. నా సలహా ఇప్పుడు వద్దు. బొమ్మ మారినా మారకపోయినా వైద్యం మారదు. మనిషి పరిస్థితి ఒక్కసారిగా దిగజారితే, అంటే మగత పెరిగినా, వాంతులయినా, ఒక కంటి పాప పెద్దదయినా, అప్పుడు కావలసింది ఎంఆర్ఐ కాదు, మళ్ళీ సీటీ. తల దెబ్బ తర్వాత వారాలకి కూడా కొందరికి మెదడులో నీరు చేరుతుంది, అది సీటీలో ఇట్టే తెలుస్తుంది, దానికి ఆపరేషన్ ఉంది. కొన్ని నెలల తర్వాత డాక్టర్లు కావాలంటే ఎంఆర్ఐ తీయించండి, మీకై మీరు అడగకండి.

ఎప్పుడైనా తీయించాల్సి వస్తే ఆ గదిలోకి వెళ్ళే ముందు మీ చీర పిన్నీసులన్నీ తీసేయండి. నవ్వకండి, 2018లో ముంబైలో బంధువు కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి అడుగుపెట్టిన ఒక యువకుణ్ణి మిషన్ లోపలికి లాగేసింది, ప్రాణం పోయింది. ఆ అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా పని చేస్తూనే ఉంటుంది. మా దగ్గర ఒక తల్లి కొడుకు మొలతాడుకి కట్టిన తాయెత్తు విప్పనివ్వలేదు. అది తీస్తే వాడు నాకు దక్కడు అంటూ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. టెక్నీషియన్ అరవలేదు. ఆ తాయెత్తు విప్పి ఆమె చేతికే కట్టాడు. ‘మీరు గుమ్మం దగ్గరే కూర్చోండమ్మా, మీ దగ్గరుంటే వాడి దగ్గర ఉన్నట్టే’ అన్నాడు. నేను పదిహేనేళ్ళలో నేర్చుకోనిది అతను ఆ నిమిషంలో చేశాడు.

హైదరాబాద్ గురించి. మావయ్యగారిని ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ లేనిది అక్కడ ఏం చేస్తారు? ఈ దెబ్బకి ఆపరేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు. ఇప్పుడు కావలసింది రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టేవాళ్ళు, గొంతు ట్యూబ్‌లో కఫం తీసేవాళ్ళు, ముక్కు గొట్టంలోంచి సరిగ్గా పాలూ జావా పట్టేవాళ్ళు, కీళ్ళు బిగుసుకోకుండా రోజూ కదిపించే ఫిజియోథెరపిస్టు. ఇవి రాజమండ్రిలో ఉన్నాయి, కాకినాడలో ఉన్నాయి. ఒక నెల పోయాక రిహాబిలిటేషన్ సెంటర్‌కి మార్చాలంటే అప్పుడు పెద్ద ఊరు ఆలోచించండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కాళ్ళూ చేతులూ బిర్రబిగుసుకుంటే ఆసుపత్రి మార్చాలని కంగారు పడకండి. బ్రెయిన్‌స్టెమ్ దెబ్బల్లో నరాల అదుపు తప్పి అలా వస్తుంటుంది. నర్సుకి చెప్పండి, జ్వరమా ఇదా అన్నది వాళ్ళు తేలుస్తారు, దీనికి మందులున్నాయి.

ఖర్చు గురించి రాయలేదు గానీ అడిగే ఉంటారు. రోడ్డు ప్రమాదాలకి 2025లో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకంలో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు వైద్యం ఉంటుంది, ఆ పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో. బిల్లులో అది రాశారో లేదో చూడండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రతో మాట్లాడండి.

స్కాన్ల మీద పెట్టిన చూపులో సగం మంచం పక్కన ఉన్న చార్టు మీద పెట్టండి. మీరు ఫొటోలో పంపిన దానిలో ‘ఇ4 వీటీ ఎం4’ అని ఉంది. అది గ్లాస్గో కోమా స్కేల్, 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేసింది. ఇ అంటే కళ్ళు, నాలుగుకి నాలుగు, తనంతట తానే తెరుస్తున్నాడు. వీ అంటే మాట, గొంతులో ట్యూబ్ ఉంది కాబట్టి అంకె బదులు టీ రాశారు. ఎం అంటే కదలిక, ఆరుకి నాలుగు, గిల్లితే లాక్కుంటున్నాడు. మీరు కనిపెట్టాల్సింది ఈ ఎం. గిల్లిన చోటికి రెండో చెయ్యి తెచ్చి నెట్టేస్తే ఐదు. ‘వేలు పట్టుకోరా’ అంటే పట్టుకుంటే ఆరు. నాలుగు నుంచి ఆరుకి వెళ్ళడం నాకు ఏ ఎంఆర్ఐ బొమ్మ కన్నా ఎక్కువ చెబుతుంది. తల దెబ్బ తర్వాత ఈ స్థితిలో ఉన్నవారిలో నెలల తర్వాత కూడా మార్పు వస్తుంది. 16 రోజులకి ఎవరు ఖాయంగా లేస్తాడన్నా, లేవడన్నా నమ్మకండి. నన్ను అడిగినా నేను చెప్పను.

ఒక పని మాత్రం మీరే చేయొచ్చు. ఇంటి నుంచి మొహం చూసుకునే అద్దం ఒకటి తీసుకెళ్ళండి, కాస్త పెద్దది. పొద్దున్న తుడిచి శుభ్రం చేశాక, గది ప్రశాంతంగా ఉన్నప్పుడు, అతని మొహం అతనికే కనపడేలా జానెడు దూరంలో పట్టుకుని నెమ్మదిగా కుడికీ ఎడమకీ జరపండి. తెలిసినవాళ్ళ మొహం కన్నా, ఫోన్ లైటు కన్నా, తన మొహమే చూపుని ముందుగా లాగుతుంది. కోమా నుంచి తేరుకునేవారిని పరీక్షించే డాక్టర్లు కూడా అద్దమే వాడతారు. కళ్ళు అద్దం వెంట కదిలితే, ఒక్కసారి కదిలినా, డాక్టరుకి చెప్పండి, అది చాలా పెద్ద సంగతి. పైకీ కిందికీ జరిపితే చూడకపోతే నిరాశపడకండి. పైకీ కిందికీ చూపు తిప్పే కేంద్రం మిడ్‌బ్రెయిన్‌లోనే ఉంది, దెబ్బ తగిలిన చోటికి పక్కనే. పక్కలకి తిప్పేది పాన్స్‌లో ఉంది, అది బాగుంది. అద్దం రోజుకి రెండుసార్లు చాలు, అలసిపోతాడు. చూసిన తేదీ, టైము ఒక నోటుబుక్కులో రాయండి, మీకు అనిపించింది కాదు, కనిపించింది.

ఇక నాకు మచ్చ సరిగ్గా ఎక్కడుందో చూడాలని ఉంది. ఆసుపత్రిని సీటీవీ, ఎంఆర్ఐవీ సీడీలు ఇమ్మనండి, ఫిలిం కాదు. రోగి తరఫువాళ్ళు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది, కాబట్టి బతిమాలక్కర్లేదు, కాగితం మీద రాసి ఇచ్చి రశీదు తీసుకోండి. సీడీలు రెండేసి కాపీలు తీయించి ఒకటి ఇంట్లో దాచండి, రెండోది ఈ శీర్షిక చిరునామాకి అట్ట మధ్య పెట్టి పంపండి. కవరు మీద తమ్ముడి పేరు రాయకండి. ‘ఆలమూరు అక్క’ అని రాస్తే చాలు, పోలుస్తాను.